పథకాల ముగింపు: శంకుస్థాపనకున్న శ్రద్ధ సమాప్తికి ఏది?

(ప్రత్యేక వ్యాసం)

పట్టణాల రూపురేఖలు మార్చే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న ప్రారంభించిన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31తో అధికారికంగా ముగిసింది. అయిదేళ్లలో పూర్తి కావలసిన ఈ కార్యక్రమం గడువును మొదట 2023 జూన్‌కు, తరువాత 2024 జూన్‌కు, చివరిగా 2025 మార్చికి పొడిగించిన సంగతి పాత్రికేయ మిత్రులకు విదితమే. దేశవ్యాప్తంగా ఎంపికైన 100 నగరాలలో విశాఖపట్నం, కాకినాడ 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 నగరాల జాబితాలోనే చోటు సంపాదించుకోగా, వరంగల్, తిరుపతి, కరీంనగర్, అమరావతి తరువాతి విడతలలో చేరాయి. కేంద్ర వాటాగా రూ. 48,000 కోట్లు, అంతే మొత్తాన్ని రాష్ట్రాలు, స్థానిక సంస్థలు సమకూర్చాలన్న నిబంధనతో మొదలైన ఈ మిషన్ కింద చేపట్టిన పనుల మొత్తం విలువ సుమారు రూ. 1.64 లక్షల కోట్లకు చేరింది. ఎనిమిది వేలకు పైబడిన ప్రాజెక్టులలో దాదాపు 94 శాతం పూర్తయినట్లు గడువు ముగిసిన కొద్ది వారాలకు కేంద్రం వెల్లడించింది.

మిగిలిన ఆరు శాతం సంగతి ఏమిటన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. అయితే ఈ వ్యాసంలో ప్రస్తావించదలచింది ఆ ఆరు శాతాన్ని గురించి కాదు, పూర్తయిన 94 శాతాన్ని గురించే. పూర్తయిన పనిని ఎవరు ఎవరికి అప్పగించారు, అప్పగించినట్లు కాగితం ఎక్కడ ఉంది, రేపటి నుంచి దాని ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది అన్న ప్రశ్నలు ప్రారంభోత్సవాల సందడిలో వినిపించవు. ఈ శాఖలో మూడు దశాబ్దాల ఉద్యోగ జీవితంలో శంకుస్థాపనల ప్రకటనలు, ప్రారంభోత్సవాల ప్రకటనలు ఈ వ్యాసకర్త వందల సంఖ్యలో రాయడం జరిగింది. ఒక పథకం సక్రమంగా ముగిసిందని తెలియజేసే ప్రకటనలు ఎన్ని రాశానని లెక్కవేసుకుంటే ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

అసలు చిక్కు "పూర్తి" అనే మాటలోనే ఉన్నది. క్షేత్రంలో ఉన్న ఇంజనీరు దృష్టిలో చివరి కాంక్రీటు పోసి, ఎం.బుక్‌లో చివరి కొలత నమోదు చేసిన రోజున పని పూర్తయినట్లు. లెక్కల అధికారికి తుది బిల్లు పాసయిన రోజు ముఖ్యం. నిధులిచ్చిన శాఖకు వినియోగ ధ్రువపత్రం, అంటే కార్యాలయాలలో అందరూ యూసీ అని పిలిచేది, చేతికందిన రోజు ముఖ్యం. కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల లోపల దానిని సమర్పించవలసి ఉంటుంది. కాంట్రాక్టరు దృష్టిలో డిఫెక్ట్ లయబిలిటీ గడువు తీరి డిపాజిట్ సొమ్ము తిరిగి వచ్చేదాకా ఏదీ పూర్తి కాదు. న్యాయ విభాగానికి మధ్యవర్తిత్వ వివాదాలు తెమిలేదాకా ఫైలు మూతపడదు. ఇక ఊళ్లో బిందె పట్టుకుని నిలబడిన ఇల్లాలికి కుళాయిలో నీళ్లు వచ్చిన రోజే పథకం పూర్తయినట్లు, ఆ నీళ్లు మరుసటి వేసవిలోనూ వస్తేనే ఆ మాట నిలిచినట్లు. ఈ తేదీల మధ్య కొన్ని సందర్భాలలో సంవత్సరాల ఎడం ఉంటుంది. పత్రికా ప్రకటనలో మాత్రం అన్నింటికీ ఒకటే మాట వాడుతుంటాము.

ఈ ఎడంలో ఏమి జరుగుతుందో తెలిపే ఒక చిన్న ఉదంతాన్ని ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. చాలా ఏళ్ల క్రిందట ఒక మెట్ట మండలంలో రక్షిత మంచినీటి ట్యాంకు ప్రారంభోత్సవ వార్తను నేనే రాసి పంపాను. దాదాపు ఏడాదిన్నర తరువాత ఒక విలేకరి ఫోన్ చేసి, ట్యాంకుకు నీళ్లెక్కడం లేదు, కారణం చెప్పగలరా అని అడిగారు. విచారించగా తెలిసిందేమంటే మోటారుకు ఇచ్చిన విద్యుత్ కనెక్షన్ నిర్మాణ సమయంలో కాంట్రాక్టరు పేరిట తీసుకున్నది. పని ముగిసి ఆయన వెళ్లిపోయినా మీటరు పేరు మారలేదు. బిల్లులు ఆయన పాత చిరునామాకు వెళ్లాయి. బకాయి పెరిగి కనెక్షన్ తీసివేశారు. పంచాయతీ కార్యదర్శిని అడిగితే ట్యాంకు తమకు అప్పగించినట్లు కాగితమే లేదన్నారు. ఇంజనీరింగ్ విభాగాన్ని అడిగితే ప్రారంభోత్సవం జరిగిందిగదా, అదే అప్పగింత అన్నారు. ఇద్దరిదీ తప్పని చెప్పడానికి వీలులేని పరిస్థితి. మోటారు బాగుంది, ట్యాంకు బాగుంది, పైపులు బాగున్నాయి. లేనిది ఒక్క సంతకం మాత్రమే. ఆ ఊరి వారు ఒక వేసవి అంతా పొలం బావుల నుంచి నీళ్లు మోసుకున్నారు.

ప్రజోపయోగ సేవను మూసివేయడంలోనూ పద్ధతి ఉంటుందని చెప్పడానికి తంతి సేవ ముగింపు ఒక మంచి ఉదాహరణ. 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య ప్రయోగాత్మకంగా మొదలైన టెలిగ్రాం 2013 జూలై 14 రాత్రితో ఆగిపోయింది. ముగింపు తేదీని నెల రోజుల ముందే ప్రకటించారు. అందులో పనిచేస్తున్న సిబ్బందిని బి.ఎస్.ఎన్.ఎల్. ఇతర విభాగాలకు సర్దుబాటు చేస్తామని తెలిపింది. చివరి రోజున జనం వరుసకట్టి తమ ఆత్మీయులకు తంతులు పంపుకున్నారు. ఒకప్పుడు ప్రెస్ టెలిగ్రాం మీదనే బ్రతికిన మన జిల్లా విలేకరులలో పాతతరం వారికి ఆ రోజు కొంత బాధ కలిగించి ఉండవచ్చు గాని, ఎవరినీ అయోమయంలో పడవేయలేదు.

అంతకన్నా గొప్ప పాఠం ప్రజారోగ్య రంగంలో ఉన్నది. మన దేశంలో స్థానికంగా సోకిన చివరి మశూచి కేసు 1975 మే నెలలో బీహారులో నమోదయింది. అదే నెలలో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక మహిళకు అస్సాంలో ఆ వ్యాధి ఉన్నట్లు గుర్తించారు. తరువాత ఒక్క కేసూ లేదు. అయినా కార్యక్రమం ముగిసినట్లు ప్రకటించలేదు. ఇంటింటి గాలింపులు కొనసాగాయి. జ్వరంతో పాటు ఒంటిపై పొక్కులు లేచాయని ఎవరు చెప్పినా ఆ మాటను "వదంతుల రిజిస్టరు"లో రాసుకుని, ఒక్కొక్కదాన్నీ వెళ్లి పరిశీలించి, కాదని తేలిన తరువాతనే కొట్టివేసేవారు. మశూచి కేసు చూపించిన వారికి రూ. 1,000 బహుమతి ఇస్తామని ప్రచారం చేశారు. ఆ రోజులలో అది సామాన్య కుటుంబానికి ఎన్నో నెలల రాబడి. బహుమతి ప్రకటించినా ఎవరూ కేసు చూపలేకపోవడమే వ్యాధి లేదనడానికి సాక్ష్యమయింది. దాదాపు రెండేళ్ల నిరీక్షణ తరువాత, 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం వచ్చి పరిశీలించి భారతదేశాన్ని మశూచి రహితంగా ధ్రువీకరించింది. పని చేసినవారు కాక, బయటివారు ముగింపును ధ్రువీకరించడం ఇందులో గమనించదగిన విశేషం. మన కార్యక్రమాలలో పురోగతి నివేదిక రాసేవారూ, పూర్తయిందని సంతకం చేసేవారూ చాలా సందర్భాలలో ఒకే కుర్చీలో ఉంటారు.

మశూచి ముగింపులోనూ ఒక లోటు మిగిలిపోయింది. ఊళ్లలో వ్యాధి అంతమైనా ప్రయోగశాలల సీసాలలో వైరస్ మిగిలి ఉన్నది. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో నమోదు కాగా, 1978లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో వైద్య కళాశాల ప్రయోగశాల ఉన్న భవనంలో పనిచేసే ఒక ఉద్యోగిని మశూచి సోకి మరణించారు. ఆ తరువాతనే ప్రపంచమంతటా మిగిలిన నిల్వలను నాశనం చేయడమో, రెండు ప్రయోగశాలలకు తరలించడమో వేగం పుంజుకున్నది. వాడగా మిగిలిన సామగ్రి సంగతి తేల్చకుండా స్టోరు గదికి తాళం వేయరాదనడానికి ఇంతకన్నా ఖరీదైన నిదర్శనం మరొకటి దొరకదు.

పోలియో విషయంలో ఈ పాఠం మన హైదరాబాద్ దాకా వచ్చింది. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదయింది. మూడేళ్ల నిఘా తరువాత 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించింది. పోలియో వైరస్‌లోని రెండవ రకం ప్రపంచంలో చివరిసారి 1999లో అలీగఢ్‌లో కనిపించి అంతరించినందున, ఆ రకాన్ని చుక్కల మందు నుంచి కూడా తొలగించాలని నిర్ణయించారు. 2016 ఏప్రిల్ 25న దేశమంతటా పాత మందును ఒకేసారి ఆపివేసి, మిగిలిన సీసాలను శీతల కేంద్రాల నుంచి వెనక్కి తెప్పించి నాశనం చేసే పని చేపట్టారు. సీసా మిగిలిందా లేదా అని చూడడానికే పరిశీలకులను నియమించారు.

అయినప్పటికీ ఆ మే నెలలో హైదరాబాద్‌లో సేకరించిన మురుగునీటి నమూనాలో టీకా నుంచి రూపాంతరం చెందిన రెండవ రకం వైరస్ బయటపడింది. ఏ బిడ్డకూ వ్యాధి సోకలేదు. అప్పటికీ తెలంగాణ ప్రభుత్వం ఉపేక్షించకుండా జూన్ 20 నుంచి వారం రోజులపాటు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలలోని ఎంపిక చేసిన ప్రాంతాలలో ప్రత్యేక టీకా కార్యక్రమం నిర్వహించి సుమారు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ రూపంలో టీకా వేయించింది. ఆ రోజులలో "పోలియో రహితమని చెప్పారుగదా, మళ్లీ ఎక్కడిది" అంటూ పత్రికా కార్యాలయాల నుంచి వచ్చిన ప్రశ్నలు సమాచార అధికారులెవరూ మరచిపోలేరు. నిజానికి ముగింపు సక్రమంగా జరిగినందువల్లనే ఆ వైరస్ దొరికింది. కేసులు ఆగిపోయాయిగదా అని మురుగునీటి పరీక్షలు కూడా మానివేసి ఉంటే అది కంటబడేదే కాదు. కాని ఈ సంగతిని ఒక చిన్న ప్రకటనలో ఇమిడ్చి చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. పోలియో కోసం 1997 నుంచి నిర్మించిన నిఘా వ్యవస్థను రద్దు చేయకుండా తట్టు, రుబెల్లా వంటి వ్యాధుల నిఘాకు మళ్లించడం కూడా ముగింపులో భాగమే.

ఇందుకు భిన్నమైన అనుభవం వయోజన విద్యలో కనిపిస్తుంది. 2009 సెప్టెంబరు 8న ప్రారంభమైన సాక్షర భారత్ కార్యక్రమం 2018 మార్చి 31తో ముగిసింది. 2001 జనాభా లెక్కల ప్రకారం వయోజన మహిళల అక్షరాస్యత 50 శాతం, అంతకన్నా తక్కువగా ఉన్న జిల్లాలలో దీనిని అమలుచేశారు. గ్రామ పంచాయతీకి ఇద్దరు చొప్పున నియమించిన సమన్వయకర్తలు నెలకు రూ. 2,000 గౌరవ వేతనంతో పనిచేశారు. దేశం మొత్తం మీద 7.6 కోట్లకు పైగా అభ్యాసకులు పరీక్ష రాసి ధ్రువపత్రాలు పొందారు. ఫలితం చిన్నది కాదు. అయితే కార్యక్రమం ఆగిన రోజుతోనే సమన్వయకర్తల సేవలూ ఆగిపోయాయి. పెద్దస్థాయిలో దాని స్థానంలోకి వచ్చిన నవ భారత్ సాక్షరతా కార్యక్రమం 2022-23లో గాని మొదలుకాలేదు, అదీ స్వచ్ఛంద కార్యకర్తల మీద ఆధారపడి. నడుమ ఉన్న నాలుగేళ్లలో ఊరిలో ఎవరికి అక్షరాలు వచ్చాయి, ఎవరు సగంలో ఆగిపోయారు అన్నది ఎరిగిన మనుషులు వేరే పనులలో కుదురుకున్నారు. రిజిస్టర్లు బీరువాలలో ఉండి ఉండవచ్చు. వాటిని చదివి ఫలానా సుబ్బమ్మ ఇంటికి వెళ్లి, రెండో వాచకం సగంలో వదిలేశావుగదా అని పలకరించగలవారు లేరు.

తెలుగు సాహిత్యం చదువుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి గనుక ఒక మాటను గుర్తుచేయాలనిపిస్తున్నది. పూజ చేసినవారు చివర దేవుడికి ఉద్వాసన చెబుతారు. పిలిచి, కూర్చోబెట్టి, ఉపచారాలు చేసి, మళ్లీ రమ్మని సగౌరవంగా సాగనంపడం దాని భావం. పళ్లెం ఈశాన్యానికి కాస్త జరిపితే తప్ప పీట ఎత్తరు. అదే మాట కార్యాలయాల భాషలోకి, పత్రికల శీర్షికలలోకి వచ్చేసరికి ఉద్యోగం నుంచి తొలగింపుగా మారిపోయింది. ఏ రోజున ఈ మార్పు జరిగిందో చెప్పలేము గాని, పథకాలతోపాటు మనుషులను కూడా మూసివేసే అలవాటే అందుకు కొంత కారణమయి ఉంటుంది.

సంస్థల ముగింపు మరింత జటిలం. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన అమలులోకి వచ్చినప్పుడు పునర్విభజన చట్టంలోని తొమ్మిదవ షెడ్యూలు కింద 91, పదవ షెడ్యూలు కింద 142 సంస్థల వ్యవహారం తేల్చవలసి వచ్చింది. హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా ఉండే పదేళ్ల గడువు 2024 జూన్ 2న తీరే నాటికి కూడా వీటిలో పలు సంస్థల ఆస్తి అప్పుల పంపకం కొలిక్కి రాలేదు. ఇందులో రాజకీయ కారణాలు ఉన్నాయనేది వాస్తవమే. కాని ఆ ఫైళ్లు చూసిన ఏ అధికారిని అడిగినా చెప్పే మరో కారణం ఉన్నది. ఆయా సంస్థల చర, స్థిరాస్తుల రిజిస్టర్లు విభజనకు ముందే ఎప్పటికప్పుడు సరిచూసి ఉంటే సగం వాదనలు లేచేవే కావు.

ఈ నేపథ్యంలో స్మార్ట్ నగరాల విషయానికి తిరిగి వస్తే, ప్రతి నగరంలోనూ మిషన్ అమలు కోసం రాష్ట్రం, స్థానిక సంస్థ సమాన వాటాలతో కంపెనీల చట్టం కింద ఒక ప్రత్యేక కంపెనీని స్థాపించారు. మిషన్ ముగిసినంత మాత్రాన కంపెనీ ముగియదు. దానికి డైరెక్టర్లు, వార్షిక లెక్కలు, ఆడిటు, నడుస్తున్న ఒప్పందాలు ఉంటాయి. ఈ కంపెనీలను ఇతర పట్టణ పనులకు వినియోగించుకోవచ్చని 2025 మధ్యలో కేంద్ర మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు సూచించింది. ఆ సూచన మంచిదే. అయితే ఏ పని కోసం కొనసాగిస్తున్నదీ, ఎంతకాలమన్నదీ స్పష్టంగా ఉత్తర్వులలో రాయకపోతే, తాత్కాలికంగా పుట్టిన సంస్థ శాశ్వతంగా కుర్చీలను మోస్తూ ఉండిపోయే ప్రమాదం లేకపోలేదు.

అంతకన్నా తొందరపడవలసినది కమాండ్ కంట్రోల్ కేంద్రాల విషయంలో. 100 నగరాలలోనూ ఇవి ఏర్పాటయ్యాయి. 2020లో కోవిడ్ వేళ పలు నగరాలలో ఇవే వార్ రూములుగా పనిచేశాయి. కెమెరాలు, సెన్సర్లు, సర్వర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కాలపరిమితి గల వస్తువులు. రోడ్డు పాడైతే గుంత కనబడుతుంది, ప్రజలు అడుగుతారు. సర్వరు పాతబడితే ఎవరికీ కనబడదు, ఒక ప్రమాదం జరిగి ఫుటేజీ కావలసిన రోజున మాత్రమే బయటపడుతుంది. నిర్వహణ ఒప్పందం ఎప్పటితో తీరుతుంది, పాస్‌వర్డులు, సోర్స్ కోడ్, పరికరాల జాబితా నగరపాలక సంస్థ స్వాధీనమయ్యాయా, వచ్చే ఏడాది బడ్జెటులో దీనికి పద్దు ఉన్నదా అన్నవి కమిషనర్లు ఇప్పుడే సరిచూసుకోవలసిన అంశాలు.

ఈ ప్రశ్న ఒక్క మిషన్‌కు పరిమితమైనది కాదు. 2016లో కేంద్ర ప్రాయోజిత పథకాలను 28 గొడుగు పథకాలుగా కుదించిన సందర్భంలోనే ప్రతి పథకానికి ముగింపు తేదీ, ఫలితాల సమీక్ష ఉండాలన్న నిర్ణయం జరిగింది. దరిమిలా పథకాల గడువులను ఆర్థిక సంఘం కాలపరిమితితో ముడిపెట్టారు. పదిహేనవ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31 వరకు కాబట్టి పెక్కు పథకాల భవితవ్యం ఆ తేదీతో ముడిపడింది. 2021 జూలై నుంచి అమలులోకి వచ్చిన ఏక నోడల్ ఖాతా విధానం వల్ల ఖర్చుకాని సొమ్ము ఎక్కడ నిలిచిపోయిందో కేంద్రానికి, రాష్ట్ర ఆర్థిక శాఖకు ఇప్పుడు వెంటనే తెలిసిపోతుంది. డబ్బు జాడ ఇలా తెలిసే ఏర్పాటు జరిగింది గాని, ఆస్తుల జాడకు, పథకంలో పనిచేసినవారి అనుభవానికి అటువంటి ఖాతా లేదు. గడువు పొడిగింపులను కూడా ఈ దృష్టితోనే చూడవలసి ఉన్నది. పని మిగిలినందువల్ల కోరే పొడిగింపు వేరు, అప్పగింత జరగనందువల్ల కోరే పొడిగింపు వేరు. ప్రతిపాదనలలో రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతుంటాయి.

పాత్రికేయులకు ఒక విన్నపం. శాఖలు విడుదల చేసే పురోగతి అంకెలలో "పూర్తి" అన్న గడి కనిపించినప్పుడు అది పై తేదీలలో ఏ తేదీయో అడగండి. అప్పగింత పత్రం నకలు కోరండి. అది సమాచార హక్కు దరఖాస్తు దాకా వెళ్లవలసిన రహస్యం కాదు. అలా అడిగితే మా శాఖవారికి ఇబ్బంది కలుగుతుందేమోనన్న సంకోచం అక్కరలేదు. అడిగినవారు లేకనే మేమూ ఆ కాగితాన్ని సంబంధిత అధికారుల నుంచి తెప్పించుకోవడం లేదు.

పైన చెప్పిన మెట్ట మండలం ట్యాంకు విషయానికొస్తే, ఆ విలేకరి ఫోన్ చేసిన రెండు నెలలకు మీటరు పంచాయతీ పేరిట మారింది. బకాయిని ఎవరు కట్టాలన్న వాదన అప్పటికింకా నడుస్తూనే ఉన్నది.